అదే పేరుగల మరొక ఊరు

నర్సుల హాస్టలు, రెండో అంతస్తు
ఆదివారం

పుస్తకాల పురుగూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. అలిగే ఉంటావు. అలిగినా పైకి అనవు కాబట్టి నాకు భయం లేదు.

నీతో పని పడింది. మా మగవాళ్ళ వార్డుకి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఇరవై మూడో, నాలుగో ఉంటాయి. పెద్ద రోడ్డు పక్కన గోతిలో పడి ఉంటే లారీవాళ్ళు చూశారట. తలకి దెబ్బ. జేబులో ఒక దువ్వెన తప్ప ఏమీ లేదు. చొక్కా గుండీలు పెట్టుకోగలడు, చెంచా పట్టుకోగలడు, ఈల కూడా వేస్తాడు. తన పేరు మాత్రం తెలియదు. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో తెలియదు.

ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది. ఒకే ఒక్క మాట. దాన్ని చీటీ మీద దించి ఇందులో పెడుతున్నాను. ఎవరో చవగ్గా పొడిచినట్టున్నారు, అక్షరాలు వంకర. అది ఊరి పేరని కానిస్టేబులు అన్నాడు. కాదు, వెనకటి రాజు పేరని మేట్రన్ అంది. మా చిన్న డాక్టరు సేనాపతి అన్నాడు. ఎవరి చదువు వాళ్ళది. ఆయమ్మ ఒక్కతే నిజాయితీగా, "ఏదో ఆడపిల్ల పేరయ్యుంటుంది, ఈ వయసులో ఇంకేం పొడిపించుకుంటారు" అంది.

నవ్వు వచ్చే విషయాలు ఇంతటితో సరి. అతని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చిన్న డాక్టరు కొన్ని వారాలన్నాడు, అంతకన్నా ఏమీ చెప్పలేదు. తనవాళ్ళంటూ ఎవరూ రాకపోతే, పోయాక శవాన్ని వైద్య కళాశాలకి పంపుతారు. ఇక్కడి పద్ధతి అది. అతనికి తెలియదనుకున్నాను. నిన్న కట్టు మారుస్తుంటే అడిగాడు: "సిస్టర్, నాకెవరైనా ఉన్నారా?"

ఉంటారని చెప్పాను. చెప్పాక నీకు రాయాలనిపించింది. విజ్ఞాన సర్వస్వంలో పేర్ల విభాగం నీదేగా. ఆ పేరు కింద ఏమేం ఉన్నాయో అంతా రాసి పంపు. చిన్నదని ఏదీ వదలకు.

అక్క

*

పేర్ల విభాగం, ప్రెస్సు మేడ మీద
గురువారం

అక్కకి,

అలగలేదు. కొంచెం.

ఆ పేరు కింద మా దగ్గర ఉన్నదంతా ఎత్తి రాస్తున్నాను.

మొదట రాజు. పదకొండు నెలలు ఏలాడు. యుద్ధం చేసిన ప్రతిసారీ ఓడిపోయాడు, చివరికి బావమరిది విషం పెట్టాడు. అతని పేరు పెట్టుకున్న సేనాపతి తరవాతి కాలంవాడు. అతను ఓడిపోలేదు కానీ గెలిచిన ఊళ్ళన్నీ తగలబెట్టాడు. తరవాత ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు, చూపు పోయేదాకా సూర్యుణ్ణి చూసినవాడు.

ఊళ్ళు మూడు. ఒకటి సముద్రం ఒడ్డున, ఉప్పు పండించే చోట. రెండోది రైలు జంక్షను, చుట్టూ బొగ్గు గనులు. మూడోది చాలా చిన్నది, సరిహద్దు అవతల. దానికి నాలుగు వాక్యాలే ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"ఏటి మలుపులో పడవలు చేసేవారి ఊరు. ఎర్ర ఇటుకల గంటస్తంభం ఉండేది. మంచు కమ్మిన ఉదయాల్లో ఆ గంట విని పడవలు ఒడ్డుకు చేరేవి. ఇటీవలి వరదలో ఊరంతా కొట్టుకుపోగా, బతికిన కొద్దిమందీ చెదిరిపోయారు, ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు."

చివరగా ఒక రాక్ బ్యాండు. నలుగురు మనుషులు, మూడు రికార్డులు, ఇప్పుడు విడిపోయారు. దాని గురించి అంతే ఉంది. అరిచేవాళ్ళకి అర లైను చాలని మా పెద్దాయన అభిప్రాయం. పెద్దాయన అంటే మా ప్రధాన సంపాదకుడు. ఆయన అభిప్రాయాలన్నీ అర లైనులోనే ఉంటాయి.

అతనికి చదివి వినిపిస్తావా? ఒక్కొక్కటీ చదివి ఆగి, ముఖం చూడు. మన కాన్వెంటు స్కూల్లో మదర్ డిక్టేషన్ చెప్పినట్టు, నెమ్మదిగా.

చెల్లి

*

నర్సుల హాస్టలు
మంగళవారం

పురుగూ,

దొరికింది.

ఒక్కొక్కటీ చదివాను. రాజు దగ్గర, "నాకు గుర్రం ఉండేదా?" అని అడిగాడు. పక్క మంచం తాపీమేస్త్రీ పగలబడి నవ్వాడు. ఆయన కాలు విరిగి, పిండికట్టుతో ఉన్నాడు, కాలు తప్ప అన్నీ కదుపుతాడు. అప్పట్నించి వార్డంతా అతన్ని రాజుగారంటోంది. "రాజుగారూ, తమరు ఈ మందు సేవిస్తే మేం ఇంటికి పోతాం" అని ఆయమ్మ. అతనికీ అది నచ్చింది. ఏదో ఒక పేరుంటే మనిషికి ఆసరాగా ఉంటుంది కాబోలు.

సేనాపతికీ, ఉప్పు ఊరికీ ఏమీ అనలేదు. జంక్షను దగ్గర ఆవలించాడు. బ్యాండు గురించి చదువుతుంటే వేళ్ళతో మంచం కడ్డీ మీద తాళం వేశాడు. అదేం పెద్ద విషయం కాదు, మా వార్డులో సగం మంది ఆ కడ్డీలు వాయిస్తూనే ఉంటారు. ఇంకేం పని వాళ్ళకి.

ఏటి మలుపు ఊరు ఆఖరికి మిగిల్చాను. పడవలు, గంట. విని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. మర్నాడు నేను డ్యూటీకి రాగానే తనే మొదలుపెట్టాడు. గంట తాడు ఎప్పుడూ తడిగా ఉండేదట, పట్టుకుంటే చేతులకి వాసన అంటేదట. వాళ్ళమ్మ పడవల పలకల సందుల్లో తారు పూసేదట. ఆవిడ గోళ్ళ చుట్టూ నల్లగా ఉండేదట. ఇవేవీ నువ్వు రాసిన నాలుగు వాక్యాల్లో లేవు. అతనికి గుర్తొచ్చినవి. చెబుతుంటే ముఖం ఎంత తేలికపడిందో నువ్వు చూడాల్సింది.

కానిస్టేబులు వచ్చి ఊరి పేరు రాసుకున్నాడు. ఊరే లేనప్పుడు ఎవరికి కబురు పెట్టేదని దర్యాప్తు ముగించేశాడు. దానికి బాధగానే ఉంది. కానీ తను ఎక్కడివాడో తెలిసి పోవడం వేరు, తెలియకుండా పోవడం వేరు. అంతవరకు నువ్వు పుణ్యం కట్టుకున్నావు.

అక్క

*

పేర్ల విభాగం
శుక్రవారం

అక్కకి,

ఇది నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నీ ఉత్తరం చూసి సంతోషం పట్టలేక పెద్దాయనకి చెప్పాను. నేనంతట నేను ఆయన గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. మన పుస్తకం వల్ల ఒక మనిషికి ఊరు దొరికిందని చెప్పాను. ఆయన ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

అక్కా, ఆ ఊరు లేదు. ఎప్పుడూ లేదు.

మా సంపుటాలని ఎత్తి రాసి అమ్ముకునే కంపెనీలున్నాయి. వాళ్ళని పట్టుకోవడానికి ప్రతి సంపుటంలో ఒక అబద్ధం పెడతారట. అది వాళ్ళ పుస్తకంలోనూ కనిపిస్తే దొంగ దొరికినట్టే. అది ఏదో పెద్దాయనకి తప్ప ఎవరికీ తెలియనివ్వరు. ఈ సంపుటానికి ఆయన ఊరు పుట్టించారు. ఒకే పేరుతో ఇన్ని ఉన్నచోట ఇంకొకటి చేరిస్తే ఎవరూ ఆగి చూడరని ఆ పేరు ఎంచుకున్నారు. ఏరూ, మలుపూ వాళ్ళింటి గోడ మీద బొమ్మలోవి. మరి వరద ఎందుకని అడిగాను. "మనుషులుంటే ఫిర్యాదు ఉత్తరాలు రాస్తారమ్మా. అందుకని ఖాళీ చేయించాను" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అలా అన్నాక చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఇది బయట చెప్పకూడదు. నీకు చెబుతున్నాను.

నువ్వు రాసిన దాంట్లో పడవలు, గంట అని ఉంది. చివరి వాక్యం కూడా అతనికి చదివావా? వరద సంగతి? అది ఒక్కటి రాయి.

చెల్లి

*

నర్సుల హాస్టలు
బుధవారం

చెల్లికి,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. తరవాత డ్యూటీకి వెళ్ళి పన్నెండు మందికి ఇంజెక్షన్లు ఇచ్చాను. ఒక్కరూ కుయ్యిమనలేదు. నా ముఖం చూసి భయపడి ఉంటారు.

దొంగల్ని పట్టుకోవడానికా. మీ మేడ మీద కూర్చున్నవాళ్ళకి ఇంకేం పనిలేదా. నువ్వేం చేశావులే, ఉన్నది ఎత్తి రాశావు. అయినా నీ మీద కోపం వచ్చింది, వచ్చిందని రాస్తున్నాను.

చిన్న డాక్టర్ని ఊరికే అడిగినట్టు అడిగాను, లేనివి గుర్తొస్తాయా అని. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి మామూలేనట. లోపల ఖాళీ పడితే మనసు ఊరుకోదు, చేతికందిన దాంతో పూడ్చేస్తుందట. అబద్ధం చెప్పడం కాదు, వాళ్ళకి నిజంగా కనిపిస్తుందట. కాబట్టి గంట తాడూ, తారూ అన్నీ అతను కట్టుకున్నవే. ఇప్పుడు ఆ ఊళ్ళో వీధులు కూడా ఉన్నాయి. ఒక కుంటి కుక్క ఉంది. మేస్త్రీ అయితే గంటస్తంభం పునాది ఎంత లోతుండేదని అడుగుతాడు, ఇతను చెబుతాడు, ఆయన అంత లోతు చాలదని వాదిస్తాడు.

నేను చెప్పను. ఆలోచించే అంటున్నాను. అతని కాళ్ళు వాచాయి. అన్నం సహించడం లేదు. మనిషికి మిగిలినది ఆ ఊరొక్కటే. వెళ్ళి, బాబూ అది కూడా లేదట అని చెప్పనా? నువ్వైతే చెబుతావా?

చివరి వాక్యం సంగతి అడిగావు. ఈ వారం వార్డులో మంచాలు చాలక నేల మీద కూడా పడుకోబెట్టాం. తీరిక లేదు.

నువ్వు ఇంక వెతకడం మానెయ్. ఎవరో ఒకరు దొరికినా ఇప్పుడు వచ్చి ఏం చేస్తారు. ప్రశాంతంగా ఉన్నాడు, ఉండనీ.

అక్క

*

రైల్వే స్టేషను, ఆడవాళ్ళ వెయిటింగు రూము
శనివారం

అక్కకి,

ఈ ఉత్తరం నీకు ఇచ్చిన ఆవిడే అతని తల్లి. నువ్వు చదువుతుంటే ఎదురుగానే ఉంటుంది. ముఖం జాగ్రత్త.

నువ్వు మానెయ్యమన్నావు. నేను మానలేదు. కడ్డీ మీద తాళం వేశాడని రాశావుగా, అది నన్ను నిద్రపోనివ్వలేదు. మిగతావన్నీ అతను మాటలతో చెప్పాడు, అదొక్కటే చేతులు చేశాయి. రికార్డు కంపెనీకి రాస్తే, బ్యాండులో డ్రమ్ములు వాయించినతను ఈ ఊళ్ళోనే ఉన్నాడన్నారు. ఇప్పుడు నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపు. నేను షాపు ఎదురుగా చాలాసేపు నిలబడ్డాను. చివరికి అతనే, "ఏంటమ్మా, మోటారా?" అని అడిగాడు. నువ్వు పంపిన చీటీ చాపాను.

చూసి చేతులు తుడుచుకున్నాడు. వాళ్ళతో తిరిగి స్పీకరు పెట్టెలు మోసేవాళ్ళు నలుగురూ ఒకే రాత్రి ఒకే చోట అది పొడిపించుకున్నారట. వయసు చెబితే గుర్తుపట్టాడు, అందరిలోకీ చిన్నవాడు మనవాడు. తీరికైనప్పుడు అతని పక్కన కూర్చుని డ్రమ్ములు నేర్చుకునేవాడట. బ్యాండు విడిపోయాక లారీల మీద పనికి పోయాడట. తల్లి ఎక్కడుంటుందో అతనికి తెలుసు. నన్ను స్కూటరు మీద కూచోబెట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆవిడ ఒక హోటలు వెనక లాండ్రీలో పనిచేస్తుంది. ఆవిరి గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. నేను చెప్పింది విని, చేతిలో ఉన్న దుప్పటి పూర్తిగా మడతపెట్టి, గుట్ట మీద పెట్టి, అప్పుడు అడిగింది: "లేచి కూర్చుంటున్నాడా?" ఇంకేమీ అడగలేదు. అతను ఇల్లు వదిలి నాలుగేళ్ళయిందట. ఎందుకు వదిలాడో చెప్పలేదు, నేను అడగలేదు. తోడు వస్తానంటే వద్దంది.

అక్కా, నిన్న మధ్యాహ్నం మీ వార్డుకి ఫోను చేశాను. నాకు ఫోనంటే ఎంత భయమో నీకు తెలుసు. ఎవరో మగగొంతు ఎత్తి, "పేషెంటు పేరు?" అంది. నేను అతని అసలు పేరు చెప్పాను. ఆ పేరుగలవాళ్ళెవరూ లేరంది. మళ్ళీ చెప్పాను. లేరంటుంటే వినపడదా అని పెట్టేసింది. రాజుగారు అనాలని నాకు తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది.

ఒక్కటి చెయ్యి. ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి ముందు నువ్వు లోపలికి వెళ్ళు. ఆ ఊరు లేదని చెప్పు, వరద రాలేదని చెప్పు, వాళ్ళమ్మ వచ్చిందని చెప్పు. తరవాత ఆవిణ్ణి పంపు. రైలు వచ్చేసింది.

చెల్లి

*

నర్సుల హాస్టలు
మంగళవారం

చెల్లికి,

ఆదివారం పొద్దున ఆవిడ వచ్చింది. నన్ను డ్యూటీ గదికి పిలిచారు. పచ్చబొట్టు కుర్రాడి తల్లినని చెప్పి నీ ఉత్తరం ఇచ్చింది. ముఖం జాగ్రత్త అని రాశావు. చదవకముందే నా ముఖం చూసి ఆవిడకి అర్థమైపోయింది. "ఎప్పుడు?" అంది. శనివారం సాయంత్రం అన్నాను. ఆవిడ అప్పుడు రైల్లో ఉంది.

ఫోను సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. దాని గురించి నన్ను ఎప్పుడూ ఏమీ అడగకు.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతాను. మొదటి రోజు నేను పడవలూ గంటా వరకే చదివాను. నిజం. చివరి వాక్యం దగ్గర ఆపేశాను. తరవాతి వారం అతనే అడిగాడు, ఇప్పుడు మా ఊరు ఎలా ఉంది, అమ్మకి ఉత్తరం రాయించరా అని. ఏం చెప్పను? నీ కాగితం తెచ్చి మిగతాది చదివాను. అది నిజమనే అనుకున్నాను అప్పటికి.  మా ఇల్లు ఏటి ఒడ్డునే కదా అన్నాడు. ఆవిడకి ఈత రాదు అన్నాడు. ఆ సాయంత్రమంతా గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డాడు. నేను నీకు రాసిన ప్రశాంతం అదే. అబద్ధమని నీ ఉత్తరం వచ్చేసరికి అతను వాళ్ళమ్మని పోగొట్టుకుని నాలుగు రోజులైంది. మళ్ళీ కదిలించడానికి నాకు ధైర్యం చాలలేదు. పైగా ఎవరూ రారనుకున్నాను.

ఇదంతా ఆవిడకి చెప్పే ఉద్దేశం లేదు. ఓదార్చే అబద్ధమొకటి తయారుగా పెట్టుకున్నాను, అడిగితే నిద్రలోనే పోయాడని, రోజూ మిమ్మల్నే తలుచుకున్నాడని. అతని మంచం చూడాలంది. తీసుకెళ్ళాను. దుప్పటి మార్చేశారు. ఆవిడ దాని అంచు సరిచేసింది, అలవాటు కాబోలు. మేస్త్రీ లేచి కూర్చుని, మీరు రాజుగారికి ఏమవుతారమ్మా అన్నాడు. తల్లినంది. ఆయన నా వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. "వరదలో పోయారని చెప్పాడే" అన్నాడు. పాపం, ఆయనకి ఏం తెలుసు.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. బయట బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మీ పుస్తకం, దొంగ ఊరు, గంట, తారు. ఆవిడ తన గోళ్ళు చూసుకుంది. సబ్బు నీళ్ళకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా ఊళ్ళో ఏరు లేదమ్మా, వాడు ఏరు ఎప్పుడూ చూడలేదు అంది. ఎవరినీ తిట్టలేదు. నేను తిడుతుందనే ఎదురుచూశాను.

"నేను పోయానని ఏడ్చాడా?" అని అడిగింది.

ఏడ్చాడన్నాను.

"బాగా?"

బాగా అన్నాను.

కాసేపటికి తనే చెప్పింది. ఆ పాటలవాళ్ళతో పోతానని సంచి సర్దుకుంటుంటే గుమ్మానికి అడ్డం నిలబడిందట. పోతే నేను చచ్చిపోయాననుకో అందట. "పుట్టిందగ్గర్నించీ నేను చెప్పింది ఒక్కటీ వినలేదమ్మా వాడు" అంది. 

తల్లి వచ్చింది కాబట్టి కళాశాలకి పంపలేదు. సోమవారం ఆస్పత్రి వెనక స్థలంలో మట్టిచేశాం. ఆయమ్మ, నేను, చక్రాల కుర్చీలో మేస్త్రీ వచ్చాం. అతని అసలు పేరు అప్పుడే మొదటిసారి విన్నాం. ఆవిడ పిలిచింది, గట్టిగా, పక్క గదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు, రెండుసార్లు.

ఆస్పత్రి కాగితాలు తెమిలాక, శుక్రవారం రైలుకి ఆవిడ తిరిగి వస్తోంది. నువ్వు స్టేషనుకి వెళ్ళు. ఏమీ చెప్పనక్కర్లేదు, నీకు ఎలాగూ చేతకాదు. చేతిలో సంచి ఉంటుంది, అది అందుకో. బరువేం ఉండదు, ఒక చొక్కా, ఒక దువ్వెన.

అక్క